ఎడమచేతి సంగతి

పాత సామాను అమ్మడంలో తప్పు లేదు. అమ్మేశాక ఫోనెత్తడమే తప్పు. ఈ ముక్క ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. నిజానికి ఇంకో ముక్క చెప్పారు, అది విన్నా ఆ ఫోన్లు వచ్చేవి కావు. మా అత్తయ్యే చెప్పింది. కానీ అత్తగార్లు చెప్పేవన్నీ చెవిన వేసుకుంటూ కూర్చుంటే కోడళ్ళకి ఇంకో పని చేసుకునే తీరిక ఉంటుందా, మీరే చెప్పండి.

నేను కుట్టుపని చేస్తాను. వీధి వైపు గదిలో మెషీన్, దాని పక్కన కత్తిరించే బల్ల, గోడకి నిలువుటద్దం, అద్దం పక్కన మా ఆయన తీసిన నా ఫోటో. మా ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. వచ్చిన వాళ్ళని "గడ్డం కొంచెం ఎత్తండి" అనడం తప్ప ఆయన జీవితంలో ఎవరినీ ఏ పనీ చెయ్యమని అడిగి ఎరగడు. ఇంట్లో ఆ లోటు నేను తీరుస్తుంటాను.

మెషీన్ మా అత్తయ్యది. కాలితో తొక్కే నల్లటి పాత మెషీన్. దాని మీద కుట్టి కుట్టి ఆవిడ ఇంత సంసారమూ ఈదింది. చేతులు వణకడం మొదలయ్యాక నన్ను కూర్చోబెట్టి నేర్పింది. నేర్పడమంటే బుజ్జగించి నేర్పడం అనుకునేరు. పక్కన స్టూలు వేసుకుని, చెక్క స్కేలు ఒకటి పట్టుకుని, నా ఎడమచేతి మీద తడుతూ "బిగించు" అనేది. కుట్టు మొదలుపెడితే బిగించు. మధ్యలో ఉంటే బిగించు. నిద్రలో కూడా నా ఎడమచెయ్యి దుప్పటిని బిగించి పట్టుకునేదని మా ఆయన ఫిర్యాదు. ఇన్నేళ్ళలో నా కుట్టు బాగుందని ఆవిడ ఒక్కసారి అన్న పాపాన పోలేదు. బాగాలేదనీ అనలేదు కదా, అది పొగిడినట్టే అంటాడు మా ఆయన. తల్లి తరఫు వకీలు మరి.

ఆవిడ పెట్టిన నియమం ఇంకొకటుంది. ఆ మెషీన్ మీద పరాయి చెయ్యి పడకూడదు. మెకానిక్కూ పరాయివాడే. నూనె వేసినా, బెల్టు మార్చినా మేమే. నేను వేరే మెషీన్ మీద కూర్చున్నదీ లేదు, నా మెషీన్ మీద ఇంకొకరిని కూర్చోనిచ్చిందీ లేదు.

అలాంటిది ఎందుకమ్మానంటే, మా వీధి చివర కొత్తగా కట్టిన లాడ్జి ఆయన అన్ని గదులకీ కర్టెన్లు కుట్టమని నాకు ఇచ్చాడు. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు. బరువైన గుడ్డ, పైనుంచి కింద దాకా నీలం, తెలుపు చారలు. కాలితో తొక్కుతూ కూర్చుంటే లాడ్జి తెరిచేనాటికి నా మోకాళ్ళు మూతపడతాయని లెక్క వేసుకుని మోటారు మెషీన్ కొన్నాను. ఇంట్లో రెండిటికి చోటు లేదు. పాతదాన్ని ఫోన్‌లో అమ్మకానికి పెడదామన్నాను. అత్తయ్య కాదంటుందని గుండె దిటవు చేసుకుని మరీ చెప్పాను. ఆవిడ చాలాసేపు మెషీన్ వంక చూసి, అమ్ముకోమంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఎవరికమ్మినా ఎడమచేతి సంగతి చెప్పి అమ్ము" అంది.

అమ్మేది మెషీనా, కుట్టుపాఠమా అనుకుని నవ్వుకున్నాను. మా ఆయన మెషీన్‌కి రెండు లైట్లు పెట్టి, వెనక తెర కట్టి ఫోటోలు తీశాడు. గడ్డం ఎత్తమనలేదు గానీ మిగతా మర్యాదలన్నీ చేశాడు. కింద ఏం రాయాలని అడిగితే నేనే చెప్పాను. ఒకే చేతి మీద నడిచింది, ఏ లోపమూ లేదు, వంక పెట్టినవాళ్ళకి బహుమానం. బహుమానం మాట ఆయన కొట్టేశాడు. ఒక్కోసారి ఆయనకీ బుర్ర పనిచేస్తుంది.

కొనడానికొచ్చినాయన రిటైరైన బస్సు డ్రైవరు. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, ఎదురుగా అద్దంలోంచి రోడ్డు చూస్తున్నట్టే ఉంటాడు మనిషి. ఇంట్లో ఊరికే కూర్చుని అందరికీ దారులు చెబుతుంటే భార్య తట్టుకోలేక, చప్పుడు చెయ్యని పని ఏదైనా చూసుకోమందట. మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద చూశాడు. చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటుందని అడిగాడు. ఆయనకి కుట్టడం రాదు కాబట్టి నేనే కూర్చుని ఒక పాత దుప్పటి ముక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టు వేసి చూపించాను. గీత గీసినట్టు వచ్చింది. ఆయన ఆ ముక్క వెలుతురుకెత్తి చూసి, కొత్త రోడ్డు మీద బండి పోయినట్టుందమ్మా అన్నాడు. నేను పొంగిపోయి పాత దారపు ఉండలు కూడా ఊరికే ఇచ్చేశాను.

మర్నాడు కొత్త మెషీన్ ముందు కూర్చున్నాను. మొదటి కర్టెన్, మొదటి అంచు. నీలం చార మీద సూది పెట్టి నడిపాను. సగం దాకా వచ్చి చూస్తే కుట్టు నీలంలో లేదు. తెలుపు దాటి పక్క నీలంలోకి వెళ్ళి కూర్చుంది. కళ్ళు నులుముకుని విప్పాను. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. గుడ్డ ఎవరో పిలిచినట్టు ఎడమకి జరిగిపోతోంది. చారల గుడ్డ ఎంత దుర్మార్గపుదంటే, మామూలు గుడ్డయితే కడుపులో దాచుకునే తప్పుని అది పదిమందికీ చాటి చెబుతుంది.

దుకాణానికి ఫోన్ చేసి, పనికిరాని సరుకు అంటగట్టారని నాలుగు దులిపాను. వాళ్ళ మనిషొకడు వచ్చాడు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే నా గుడ్డ తీసుకుని, చూపు కూడా పెట్టకుండా ఒక కుట్టు వేశాడు. నీలంలో మొదలై నీలంలోనే ఆగింది. మెషీన్ శుభ్రంగా ఉంది, మీరు కళ్ళు చూపించుకున్నారా ఆంటీ అని అడిగి వెళ్ళిపోయాడు. ఆంటీ అన్నందుకు రావలసినంత కోపం కూడా రాలేదు నాకు. ఎందుకంటే అప్పటికే భయం పట్టుకుంది.

అత్తయ్య చేతులు వణకడం మొదలైంది ఇంచుమించు నా ఈడులోనే. నావి వణకడం లేదు. కానీ ఇంకేదో అయింది. నా చెయ్యి పోయిందనుకున్నాను. లాడ్జి పని పోతే ఏడ్చి ఊరుకుంటాను. చెయ్యే పోతే ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గదిలో కూర్చోను? ఎవరికీ చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసుకుని కుట్టడం, విప్పడం, కుట్టడం, విప్పడం. అన్నం దగ్గర మా ఆయన ఏమైందంటే ఆయన మీద అరిచాను. అది రోజూ ఉండేదే గనక ఆయనకి అనుమానం రాలేదు.

సరిగ్గా అదే సమయంలో డ్రైవరు గారి ఫోన్.

"అమ్మా, మీ బండి కుడికి లాగుతోందమ్మా" అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. అది బండి కాదు మెషీన్ అని, మెషీన్ లాగదని, లాగేది కొత్త చెయ్యి అని వివరంగా చెప్పాను. ఆయన శాంతంగా, స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి, లాగేదీ లాగనిదీ నాకు తెలుస్తుందమ్మా అన్నాడు. స్టీరింగ్ వేరు, సూది వేరు అన్నాను.

"రోజూ కూర్చోండి. చెయ్యి దానంతటదే వస్తుంది" అని ఫోన్ పెట్టేశాను.

మళ్ళీ చేశాడు. దిండు గలీబులు కుట్టాడట. ఒక్కటీ నలుపలకలుగా రాలేదట. దిండు దూర్చి మంచం మీద పెడితే మలుపులో ఒరిగిన బస్సులా ఉందని వాళ్ళావిడ నవ్వుతోందట. ఏ లోపమూ లేదని రాశారు కదమ్మా అన్నాడు. ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. బాధగా అన్నాడు. నాకు ఇంకా మండింది. ఆడలేక మద్దెల ఓడు అనే మాట మీరు విన్నారా అని అడిగాను. విన్నానమ్మా అన్నాడు. అయితే సరే అన్నాను.

ఆ సాయంత్రం కొత్త మెషీన్‌ని పట్టుకుని నేను తిట్టిపోస్తుంటే లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. పొద్దున ఫోన్‌లో మద్దెల గురించి ఎవరికో చెబుతున్నావు, ఎవరికమ్మాయ్ అని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటం అంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది.

డ్రైవరు గారు యాప్‌లో మాకు రెండు నక్షత్రాలిచ్చాడు. ఒకటి ఫోటోలకి, ఒకటి దారపు ఉండలకి అని రాశాడు. ఫోటోల నక్షత్రం చూసి మా ఆయన రహస్యంగా మురిసిపోవడం నా కంట పడింది. కానీ ఆయన మురిసి ఊరుకోలేదు. డ్రైవరు గారికి ఫోన్ చేసి, డబ్బు వెనక్కిచ్చేస్తాం అన్నాడట. ఆయన డబ్బొద్దు, బండి కుదిరితే చాలు అని, గలీబుల ఫోటోలు పంపాడు. మా ఆయన ఆ ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. నేను దాచేలోపు బల్ల మీద నా కర్టెన్ చూసేశాడు.

ఫోటోల మనిషికి ఒక జబ్బుంది. ఏది చూసినా వంకరగా ఉందా తిన్నగా ఉందా అని కొలుస్తాడు. ఫోన్‌ని కర్టెన్ పక్కన పెట్టాడు. వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు.

"ఆయన కుట్టు ఎంత వాలిందో నీదీ అంతే వాలింది. కాకపోతే ఆయనది అటు, నీది ఇటు" అన్నాడు.

నేను చూశాను. అంతే వాలింది. ఒకదాని మీద ఒకటి పెడితే రెండూ కలిసి తిన్నగా అయ్యేలా ఉన్నాయి. నా ఎడమచెయ్యి వంక చూసుకున్నాను. అది బల్ల మీద ఊరికే ఉండి కూడా గుడ్డని బిగించి పట్టుకుని ఉంది.

తిన్నగా అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. నన్ను చూడగానే, చెప్పి అమ్మమన్నానా లేదా అంది.

ఇక ఆవిడ చెప్పింది ఇది. ఈ ఇంటికి మారిన రోజున మా మావగారు ఆవిడకి తెలియకుండా మెషీన్‌ని ఒక్కరే మోసుకొచ్చి, ఆవిడ వచ్చేసరికి వీధి గదిలో వెలుతురు పడేచోట పెట్టి ఉంచాలనుకున్నారట. మెట్ల మీద చెయ్యి జారింది. పడిన చోట పెచ్చు ఊడింది. ఆయన ఎవరితోనూ అనలేదు. పెచ్చు ఊడిన చోట నల్లరంగు పూసి, తుడిచి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు.

"కూర్చుంటే బూటు పాలిష్ వాసన గుప్పుమంది" అంది అత్తయ్య. "అప్పుడే తెలిసిపోయింది నాకు. గుడ్డ కుడికి లాగేస్తోంది. ఆయనేమో పక్కనే నిలబడి ఎలా నడుస్తోంది, ఎలా నడుస్తోంది అని ఒకటే అడగడం. బంగారంలా నడుస్తోంది అన్నాను. అన్నాక నడపాలి కదా. ఎడమచెయ్యి బిగించాను."

మెకానిక్‌ని పిలిస్తే ఎక్కడ పడేశారని మావగారి ఎదుటే అడిగేస్తాడు, అందుకే పరాయి చెయ్యి పడకూడదని నియమం పెట్టింది. నాకు నేర్పేటప్పుడైనా చెప్పొచ్చు కదా అని గట్టిగానే అడిగాను. అప్పటికి ఆయన ఉన్నారు, నీ నోటిలో నువ్వుగింజ నానుతుందా అంది. అది నిజమే గనక వదిలేశాను. మరి ఆయన పోయాకో? అప్పటికి నీ చెయ్యి కుదిరిపోయింది, కుదిరినదాన్ని ఎందుకు కదపడం అంది. పైగా, ఏ లోపమూ లేదని రాయించేటప్పుడు నన్నొక్క మాట అడిగావా అని ఎదురు నన్నే నిలదీసింది.

నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే కోపం మీద ఇంకేదో వచ్చి పడి, మంచం మీద ఆవిడ పక్కన కూలబడ్డాను. నా చెయ్యి పోలేదు. ఎక్కడికీ పోలేదు. బ్రహ్మాండంగా ఉంది, ఆ ఒక్క మెషీన్‌కి. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే అత్తయ్య గోళ్ళు తీసుకోవడం ఆపి, పిచ్చి గానీ ఎక్కిందా అని నా నుదురు పట్టుకుని చూసింది.

ఉపాయం వెంటనే తట్టింది. మర్నాడే డ్రైవరు గారింటికి వెళ్ళి, తప్పు ఒప్పుకుని, కాళ్ళావేళ్ళా పడి ఆ మెషీన్ మీద కర్టెన్లు కుట్టుకుని రావడం. లాడ్జి తెరవడానికి ఇంకా కొద్ది రోజులున్నాయి. తెల్లారి గుడ్డ మూటలు కడుతుండగా మా ఆయన స్టూడియో నుంచి ఫోన్ చేశాడు. డ్రైవరు గారు ఇప్పుడే సందేశం పెట్టాడట. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను, మంచి మెకానిక్ దొరికాడు, భోజనాల వేళకి వచ్చి ఆ లాగుడు లేకుండా చేస్తానన్నాడు, అని.

చేతిలో మూట వదిలేశాను. ఆ లోపం బాగుచేసేస్తే ఈ భూమ్మీద నా చేతికి సరిపోయే మెషీన్ ఇంకొకటి లేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆయన మెషీన్ ముందు కూర్చుని ఉండగా ఫోనెత్తడట. డ్రైవింగ్‌లో ఉండగా ఫోనెత్తకూడదని ఉద్యోగం నేర్పిన అలవాటు.

మా ఆయన్ని ఉన్నపళంగా రమ్మన్నాను. ఆయన ఎవరినో గడ్డం ఎత్తించి అలాగే వదిలేసి వచ్చాడు. మూటలు స్కూటర్ మీద పట్టలేదు. ట్యాక్సీ పిలిచాం. బయల్దేరబోతుంటే అత్తయ్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మెషీన్ తనదట, తనూ వస్తుందట. ఎక్కించుకున్నాం. నేను ముందు సీట్లో త్వరగా త్వరగా అంటుంటే, ఆవిడ వెనక సీట్లోంచి నెమ్మదిగా పోనీ నాయనా, ప్రాణం కంటే ఎక్కువా అంటూ వచ్చింది. ఆ ట్యాక్సీ అతను ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరి మాటా విన్నాడు.

డ్రైవరు గారి ముందుగదిలో మెషీన్ తల వెనక్కి వాల్చి ఉంది. మెకానిక్ నేల మీద కూర్చుని, గుడ్డని ముందుకి నెట్టే పళ్ళ కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఉన్నాడు.

"ఆ స్క్రూ ముట్టుకోకండి" అన్నాను గుమ్మంలోంచే.

మెకానిక్ చెయ్యి గాలిలో ఆగింది. డ్రైవరు గారు లేచి నిలబడి, ఏమైందమ్మా, లోపం లేదంటారా ఇంకా, అన్నాడు.

"ఉంది. ఒప్పుకుంటున్నాను. ఆ లోపం నాకు కావాలి."

బాగుచెయ్యమని వెంటపడేవాళ్ళని చూశాను గానీ బాగుచెయ్యొద్దని మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్ళని చూడలేదు అని మెకానిక్ తనలో తను అనుకున్నాడు, గదిలో అందరికీ వినబడేలా. నేను ఊపిరి తిప్పుకుని అంతా చెప్పాను. మెట్లు, బూటు పాలిష్, బిగించు, చారల గుడ్డ, లాడ్జి. మద్దెల మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను. డ్రైవరు గారు నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, గోడ పట్టుకున్నాడు. తన పాత బస్సు కూడా ఇలాగే ఒక పక్కకి లాగేదట, తను నడిపితే పూలరథం, ఇంకో డ్రైవరు ఎక్కితే గోడలెక్కేదట. అందుకే లాగుతోందని అంత ధైర్యంగా చెప్పానమ్మా, మీరు వినలేదు అన్నాడు. వినలేదండీ అన్నాను. ఏం చేస్తాం.

మెకానిక్ మెషీన్ తల తిన్నగా పెట్టి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తానని వెళ్ళిపోయాడు. నేను కూర్చున్నాను. చారల గుడ్డ సూది కింద పెట్టి, ఎడమచెయ్యి బిగించి తొక్కాను. నీలంలో మొదలైంది. మధ్య దాకా నీలం. చివరి దాకా నీలం. ఎవరూ చూడకుండా ఆ మెషీన్‌ని ఒకసారి నిమిరాను. మా ఆయన చూశాడు గానీ, ఊరుకున్నాడు.

ఆ రోజంతా, ఆ తర్వాత ఇంకో మూడు రోజులు పొద్దున్నే వచ్చి అక్కడే కుట్టాను. మా ఆయన అంచులు ఇస్త్రీ చేశాడు. డ్రైవరు గారి భార్య టీలు పెడుతూ, అత్తయ్యతో కలిసి మొగుళ్ళు పారేసినవీ పగలగొట్టినవీ ఒకటొకటే తవ్వి తీసింది. డ్రైవరు గారు నా వెనక నిలబడి గుడ్డ చివర పట్టుకుని, కర్టెన్ పూర్తయినప్పుడల్లా "రైట్ రైట్" అనేవాడు. మధ్యమధ్య నా ఎడమచేతి వంక వంగి చూసి తలూపేవాడు.

ఆఖరి కర్టెన్ మడత పెట్టాక మెకానిక్ వచ్చాడు. స్క్రూడ్రైవర్ తీశాడు. డ్రైవరు గారు అతన్ని ఆపి, అత్తయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మీరు వద్దంటే ఇలాగే ఉంచేస్తానమ్మా, ఆ బిగింపేదో నేనూ నేర్చుకుంటాను, నాకు లాగే బండి కొత్త కాదు అన్నాడు.

అత్తయ్య లేచి మెషీన్ దగ్గరకి వెళ్ళింది. పక్కన పెచ్చు ఊడిన చోట వేలితో రుద్దింది. రుద్దిన వేలు వాసన చూసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఏం వాసన ఉంటుంది, ఉత్త నూనె తప్ప. తర్వాత కూర్చుంది. ఒక గుడ్డముక్క ఇమ్మంది. ఆవిడ మెషీన్ మీద కూర్చోవడం నేను చూసి చాలా కాలమైంది. కుడిచెయ్యి చక్రం మీద వణుకుతూనే ఉంది. ఎడమచెయ్యి వణకలేదు. ఒక్క కుట్టు, ఆ చివర నుంచి ఈ చివరకి. తీసి, నా కర్టెన్ అంచు పక్కన పెట్టి చూసింది.

"ఇందులో నాదేదో నీదేదో నాకే తెలియడం లేదు" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మెకానిక్ వైపు తిరిగింది.

"తిప్పు నాయనా. ఆయన పోయి ఎంతో కాలమైంది. ఇంకా ఎందుకు మొహమాటం."

మెకానిక్ వంగి స్క్రూ ఒకటి వదులు చేసి, పళ్ళని వేలితో కొంచెం జరిపి, మళ్ళీ బిగించాడు. అంతేనా అని అడిగాను. అంతే అన్నాడు. డ్రైవరు గారు కూర్చుని దిండు గలీబు కుట్టాడు. నాలుగు మూలలూ సరిగ్గా వచ్చాయి. వాళ్ళావిడ దాన్ని పట్టుకుని తిప్పి తిప్పి చూసి, ఇక నవ్వుకోవడానికి ఇంట్లో ఏమీ లేదని వాపోయింది.

కర్టెన్లు లాడ్జికి వేళకి చేరాయి. చారలు చారల్లో ఉన్నాయి. లాడ్జి ఆయన అన్నీ వేలాడదీయించి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క, కర్టెన్ రాడ్లు బిగించినవాణ్ణి కాసేపు తిట్టి తృప్తిపడ్డాడు. డ్రైవరు గారు యాప్‌లో నక్షత్రాలు ఐదు చేశాడు. కింద ఇలా రాశాడు: "మెషీన్‌లో ఒక లోపం ఉండేది. అమ్మినవాళ్ళే వచ్చి దాన్ని వాడుకుని వెళ్ళారు. మంచి మనుషులు." అది చదివి ఎవరెవరో మా ఆయనకి ఫోన్లు చేసి లోపం ఉన్నవి ఇంకేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. ఉన్నాయి, ఒకటి ఎదురుగా నిలబడి ఫోన్ మాట్లాడుతోంది, కానీ దానికి నా చెయ్యి అలవాటైపోయింది, అమ్మను.

కొత్త మెషీన్ ముందు కూర్చుంటే మాత్రం గుడ్డ ఇంకా ఎడమకే పోతోంది. ఇవాళ అలా విప్పుకుంటూ ఉంటే డ్రైవరు గారు ఫోన్ చేశాడు. మనవరాలికి గౌను మొదలుపెట్టాడట. మీకెలా ఉందమ్మా అని అడిగాడు. నా నోట అబద్ధం రాలేదు. ఎడమకి లాగుతోందండీ అన్నాను. అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుసు.

"రోజూ కూర్చోండమ్మా" అన్నాడు చాలా గంభీరంగా. "చెయ్యి దానంతటదే వస్తుంది."

ఫోన్ పెట్టేసి పళ్ళు నూరుకుంటూ గుడ్డ మళ్ళీ సూది కింద పెట్టాను. వెనక స్టూలు జరిగిన చప్పుడైంది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో ఆ పాత చెక్క స్కేలు. ఎక్కడ దాచిందో ఇన్నాళ్ళూ. నేను కుట్టు మొదలుపెట్టగానే ఎడమచేతి మీద తట్టింది. అలవాటు కొద్దీ ఇంకా బిగించాను. మళ్ళీ తట్టింది, ఈసారి మెల్లిగా.

"వదులు" అంది.

వదిలాను. గుడ్డ కొంత దూరం తిన్నగా వెళ్ళింది.